ఏటి పుస్తకం

ఆ పుస్తకాన్ని నేను చదవడానికి తెచ్చుకోలేదు. వంటింటి అలమర అరల్లో పరుద్దామని తెచ్చుకున్నాను.

హౌరా దగ్గర సంత్రాగాఛిలో మా రైల్వే క్వార్టర్సుకి పది నిమిషాల నడకలో తెలుగు సంఘం వాళ్ళ గది ఒకటి ఉంది. పండగ చందాలప్పుడు తప్ప దాని తలుపు తెరిచి ఉండగా చూసినవాళ్ళు తక్కువ. లోపల ఒక ఇనప బీరువా, బీరువా నిండా పాత తెలుగు పుస్తకాలు. తాళం చెవి ఒక రిటైరైన బ్యాంకు ఆఫీసరు గారి దగ్గర ఉంటుంది. ఆయన కృష్ణా జిల్లా మనిషి, ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పుస్తకాలకి చెదలు పడుతున్నాయి, కావలసినవాళ్ళు వచ్చి పట్టుకుపొమ్మని ఆయన కబురు పెట్టాడు. ఊరికే వచ్చే కాగితాన్ని వదులుకునే మనిషిని కాను నేను. పాల పాకెట్లు కడిగి ఆరబెట్టి దాచేదాన్ని. బట్ట సంచీ పట్టుకుని వెళ్ళాను.

"మీరు చదువుతారా అమ్మా?" అని అడిగాడాయన, సంతోషంగా.

"లేదు బాబూ, అలమర్లో పరుస్తాను" అన్నాను. అబద్ధం చెప్పడం ఎందుకు?

ఆయన మొహం వాడిపోయింది. అయినా నాలుగు పుస్తకాలు తీసి ఇచ్చాడు. అందులో ఒకదాని అట్ట మీద పేరున్న సగం చిరిగిపోయింది. మిగిలిన సగంలో నల్లటి ఆకాశం, ఆకాశంలో పొడుగాటి సీసాలాంటి ఓడ, ఓడకి గుండ్రటి కిటికీలు.

ఇంటికి వచ్చి సంచీ దులుపుతుంటే మా మనవరాలు ఆ పుస్తకం మీద పడింది. హౌరా అవతల సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తుంది తను. అక్కడ ఆరుగురు స్నేహితులు కలిసి నెలకో పుస్తకం చదివి, ఒక టీ కొట్లో కూర్చుని దాని గురించి పోట్లాడుకుంటారు. జీతాలు తీసుకునే పిల్లలు సెలవు పూట చేసే పనేనా అని నేను చాలాసార్లు అన్నాను.

"అరె నానమ్మా, ఇది మా బుక్కే!"

"మీ బుక్కేటే? సంఘం బీరువాలోది."

తన సంచీలోంచి ఇంగ్లీషు పుస్తకం తీసి పక్కన పెట్టింది. అదే ఓడ, అవే కిటికీలు. "ఈ నెల మేం చదువుతున్నదిదే. చాలా పాత కథ. ఎవరో తెలుగులోకి మార్చీసినారు. దీంతో ఏటి చేస్తావు?"

"ఉప్పు డబ్బాల కింద పరుస్తాను."

"పరుచు, పరుచు. చదవకు మాత్రం. సైన్సు కథ, మాకే కష్టంగా ఉంది. నీకు అర్థం కాదులే."

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఆ పుస్తకం ఈపాటికి ఉప్పు డబ్బా కింద ఉండేది.

నేను చదివింది మూడో తరగతి. శ్రీకాకుళం వైపు మా పల్లెలో బడి అంతవరకే ఉండేది. ఆ పైన చదవాలంటే పక్క ఊరికి నడవాలి, ఆడపిల్లని ఎవరూ పంపలేదు. పదహారో ఏట పెళ్ళయి ఈ ఊరు వచ్చాను. మా ఆయన షాలిమార్ గూడ్సు యార్డులో పనిచేసేవాడు. అప్పట్నుంచీ నేను చదివినవి పంచాంగం, మందు సీసాల మీద చీటీలు, ఊరి నుంచి వచ్చే ఉత్తరాలు. ఉత్తరాలు ఆగిపోయాక పంచాంగం ఒక్కటే మిగిలింది. మా అబ్బాయి ఇక్కడ హిందీ బడిలో చదివాడు. తెలుగులో తన పేరు రాసుకోగలడు, అంతే. కోడలు ఖరగ్‌పూర్‌లో పుట్టిన పిల్ల, ఆపాటి కూడా రాదు. మనవరాలు ఇంగ్లీషు, బెంగాలీ, హిందీ మూడూ గడగడా చదువుతుంది, తెలుగు అక్షరాలు చూపిస్తే జిలేబీలంటుంది. అంటే ఈ ఇంట్లో తెలుగు అక్షరం నాతో ఆఖరు. ఇది ఎప్పట్నుంచో నాకు లోపల గుచ్చుకునే సంగతే. పైకి ఎప్పుడూ అనలేదు. అడిగి కాదనిపించుకోవడం నాకు చేతకాదు.

"పందెం కట్టే గుంటా" అన్నాను.

"ఏటి పందెం?"

"ఈ బుక్కు నాను మొదట్నుంచి ఆఖరు దాకా సదివి, కత నీకు సెప్తాను. సెప్పగలిగితే నువ్వు తెలుగు సదవడం నేర్సుకోవాల. నేర్సుకుని ఇదే బుక్కు నాకు సదివి ఇనిపించాల."

"చెప్పలేకపోతే?"

వంటింట్లోంచి మా కోడలు తల బయటికి పెట్టింది. "చెప్పలేకపోతే ఇంట్లోకి బట్టలుతికే మిషన్ వస్తాది అత్తా!"

మూడేళ్ళుగా ఆ మిషన్ గురించి అడుగుతోంది. రెండు చేతులుండగా మిషన్ దేనికని నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు తల్లీ కూతురూ కలిసి నా మొహంలోకి చూస్తున్నారు.

"అలగే" అన్నాను.

మర్నాటి నుంచి మొదలుపెట్టాను. మధ్యాహ్నం కుళాయిలో నీళ్ళు ఆగిపోయాక, మళ్ళీ వచ్చేలోపు నాకు రెండు గంటల తీరిక. వరండాలో కూర్చుంటే లైటు వెయ్యక్కర్లేదు. మా ఆయన కళ్ళద్దాలు పెట్టె అడుగున ఉన్నాయి, తీసి తుడిచి పెట్టుకుంటే బాగానే కనిపించింది. వేలు అక్షరం మీద పెట్టి, కూడబలుక్కుంటూ మొదటి వాక్యం చదివాను.

"కెప్టెను ఏటి పుస్తకం తెరిచాడు."

నాకు నవ్వొచ్చింది. దీన్ని తెలుగులోకి మార్చినవాడు మా శ్రీకాకుళం వైపువాడే అని తెలిసిపోయింది. పుస్తకాల్లో 'ఏమిటి' అని రాస్తారు, పంచాంగంలో కూడా అలాగే ఉంటుంది. ఈయన మాత్రం మా ఇంట్లో అనుకున్నట్టు 'ఏటి' అన్నాడు. కానీ కథ మొదలుపెడుతూనే కెప్టెను ఏ పుస్తకం తెరిచాడని నన్నే అడుగుతాడేమిటి? "నాకేటి తెలుసు? నువ్వే సెప్పాల" అని పైకే అన్నాను. కోడలు తొంగి చూసి వెళ్ళింది.

రెండో పేజీలో మళ్ళీ. "ఏటి పుస్తకం ఆయన గదిలోనే ఉంటుంది." ఐదో పేజీలో, "ఏటి పుస్తకంలో ఏం రాసి ఉందో ఎవరికీ తెలియదు." ఇలా అడుగుతూనే ఉన్నాడు. నేను ప్రతిసారీ జవాబు చెప్పాను. ఒకచోట భారతం అన్నాను, ఒకచోట పద్దుల పుస్తకం అన్నాను. రచయిత పాఠకుణ్ణి ఇలా మాటల్లో పెడతాడు కాబోలు, నవలంటే ఇదే కాబోలు అనుకున్నాను. రోజుకి మూడు పేజీలు, నాలుగు పేజీలు. అరవై మూడు పేజీలు ఆ పద్ధతిలోనే చదివాను.

అప్పుడు ఒక ఆదివారం పొద్దున సంఘం గది తెరిచి ఉంటే, ఆఫీసరు గారికి ఒక మంచి మాట చెబుదామని వెళ్ళాను. అలమర్లో పరుస్తానని ఆయన మనసు నొప్పించాను కదా.

"సదువుతున్నాను బాబూ. మా వైపు మనిషే రాసినాడు. ఊరికే 'ఏటి, ఏటి' అని అడుగుతాడు."

ఆయన పుస్తకం అందుకుని చూశాడు. నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, అది మీ వైపు మాట కాదండీ. ఏడు అంటే సంవత్సరం కదా. ఏడు, ఏటి. సంవత్సరానికి ఒకసారి రాసే పుస్తకమన్న మాట. కెప్టెను ఏడాదికి ఒక పేజీ రాసి తాళం వేస్తాడు, అదీ సంగతి."

నేను పుస్తకం తీసుకుని సంచీలో పెట్టుకున్నాను.

"కొంచెం కష్టమైన పుస్తకమే లెండి. మంచి వంటల పుస్తకం ఒకటుంది, ఇమ్మంటారా?"

ఆయన మర్యాదగానే అన్నాడు. వద్దన్నాను. స్టేషన్ పక్క వంతెన ఎక్కి దిగి ఇంటికి వచ్చేదాకా నా చెవులు వేడిగానే ఉన్నాయి. పదహారో ఏట పెళ్ళయిందని నోటితో అంటూనే ఉంటాను, పుస్తకంలో ఏటి అని కనబడితే తెలుసుకోలేకపోయాను. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం వరండాలో కూర్చుని మొదటి పేజీ తీసి, అరవై మూడు పేజీలూ మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.

రెండోసారి కథ దారిలో పడింది. భూమి మీద నుంచి ఒక ఓడ ఆకాశంలో ఏదో నక్షత్రానికి బయల్దేరుతుంది. చేరడానికి ఏడు తరాలు పడుతుందని అందరికీ చెప్పి ఎక్కించారు. అంటే ఎక్కినవాళ్ళెవరూ దిగరు. ఓడలోనే పుట్టి, ఓడలోనే పెళ్ళాడి, ఓడలోనే పోతారు. ఎంత దూరం వచ్చామో, ఇంకెంత ఉందో కెప్టెను ఒక్కడికే తెలుసు. అది ఏటి పుస్తకంలో రాస్తాడు. ఆయన పోతే తరవాతి కెప్టెను రాస్తాడు. ఐదో తరంలో పుట్టిన ఒక కుర్ర ఆఫీసరుకి ఆ పుస్తకంలో ఏముందో చూడాలని పట్టుదల. అతనికెంత పట్టుదలో నాకూ అంతే. అరవై మూడు పేజీల పొడుగునా 'ఏటి పుస్తకం' అని అడిగించుకున్నదాన్ని కదా, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

సాయంత్రం మనవరాలు ఆఫీసు నుంచి వచ్చి టీ తాగుతుంటే ఆనాటి పేజీల కథ చెప్పేదాన్ని. తను ఇంగ్లీషుది పూర్తి చేసేసింది. ఆఖరు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించాను.

"చూశావా నానమ్మా, అందులో ఆడాళ్ళు ఎంతసేపూ కాఫీలు ఇస్తారు, పిల్లల్ని ఆడిస్తారు. అంతే. మా గ్రూపులో అందరూ తిట్టినారు."

"కాఫీ తాగిన గ్లాసులు ఎవులు కడిగినారో అది కూడా రాయలేదే."

"మూడంతస్తుల మేడంత కంప్యూటరట! టకటకా కాగితం రిబ్బన్లు కక్కుతాదట! నా ఫోను దానికి తాతమ్మ."

"ఆ రిబ్బన్లు తరవాత ఏటి సేస్తారో?"

"నువ్వుంటే అలమర్లో పరిచీదానివి."

"అవునే, పరిచీదాన్ని. తలుపులన్నీ మూసున్న ఓడలో ఆ కెప్టెను సుట్టలు కాలస్తాడు సూడు, ఆ పొగ ఎటు పోతాదని ఒక్కడైనా అడిగినాడా?"

ఇలా ఇద్దరం ఆ పుస్తకాన్ని ఉతికేవాళ్ళం. రాసినవాడికి ఇల్లు నడపడం తెలియదు, అది నిజం. కానీ ఒక పేజీ దగ్గర మాత్రం నేను నవ్వలేకపోయాను. కుర్రాడి తల్లి మంచం మీద ఉంటుంది. ఓడ బయల్దేరడం ఆవిడ చూడలేదు, చేరడం చూడదు. కొడుకుని దగ్గరికి పిలిచి, "నేను ఎక్కడికి వెళ్ళినట్టు?" అని అడుగుతుంది. బయల్దేరినవాళ్ళకి బయల్దేరిన పేరుంటుంది, చేరినవాళ్ళకి చేరిన పేరు. మధ్యలోవాళ్ళకి ఏముంటుంది? ఆ పూట ఇంకో పేజీ తిప్పలేదు. లేచి ఆరిన బట్టలు మడతపెట్టాను.

రెండు వందల ఎనిమిదో పేజీలో కుర్రాడు ఇనప కడ్డీ పట్టుకుని కెప్టెను గదిలోకి దూరాడు. ఏటి పుస్తకం తాళం మీద కడ్డీ ఆనించాడు. నేను ఊపిరి బిగబట్టి పేజీ తిప్పాను. అట్ట వచ్చింది.

ఆఖరి పేజీలు లేవు. చెదలు తినేశాయి. దారాలు మాత్రం వేలాడుతున్నాయి.

"అయితే పూర్తి చెయ్యలేదు కదా" అంది కోడలు, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "ఏ కంపెనీ మిషన్ తెద్దాం?"

మనవరాలు కాస్త న్యాయమున్న పిల్ల. "పేజీలు లేకపోతే నానమ్మ తప్పేటమ్మా? కానీ నానమ్మా, పందెం పందెమే. ఆఖరేటో చెప్పాలన్నాం. నేను చెప్పీమంటావా, ఓడిపోతావా?"

"నువ్వు సెప్తే పందెమేటి? నానే సెప్తాను."

"చదవకుండానా! ఎలగ?"

"ఆదివారం దాకా గడువియ్యి."

"సరే. ఆదివారం మా మీటింగు. ఆ బుక్కు మేం ముగించీసినాం గాని, నీ కోసం మళ్ళీ తెమ్మంటాను. మావాళ్ళందరి ముందు చెప్పు. తప్పు చెప్తే మళ్ళీ మాట మార్చకూడదు, ఆరుగురు సాక్షులుంటారు."

నాలుగు రోజుల గడువు. మొదటి రెండు రోజులూ ఎంత ఆలోచించినా ఏమీ తట్టలేదు. మూడో రోజు అలమర దులుపుతూ పప్పు డబ్బాలు తుడుస్తున్నాను. రోజూ తీసే కందిపప్పు డబ్బా మూత శుభ్రంగా ఉంది. ఏడాదికోసారి తీసే సగ్గుబియ్యం డబ్బా మీద దుమ్ము వేలితో గీసేంత ఉంది. చేతిలో గుడ్డ అలాగే ఉంచుకుని వరండాలోకి వెళ్ళాను. పుస్తకం తీసి వెనక్కి తిప్పాను. నాకు కావలసిన మనిషి ముప్ఫయ్యొకటో పేజీలో ఒకసారి, నూట నలభైలో ఒకసారి దొరికింది. నేను సరిగ్గానే గుర్తు పెట్టుకున్నాను.

కోడలు, "దుమ్ము సగంలో వదిలీసినారేటి అత్తా?" అంది.

"మిషన్ కొనాలని సూస్తన్నావు కదా, ఆశ వదిలీ" అన్నాను.

ఆదివారం మనవరాలు కారు పిలుస్తానంది. లోకల్ బండీ, బస్సూ ఉండగా కారెందుకు? లోకల్ ఎక్కాం. ఎప్పటిలాగే హౌరా ఇంకా రాకుండానే, సిగ్నల్ దగ్గర బండి ఆగింది. పక్క పట్టాల మీద ఇంకో బండి నెమ్మదిగా జరుగుతోంది. ఎదురు సీటులో ఆవిడ కూరల బుట్ట అందుకుని, మనమే కదిలామనుకుని లేచి నిలబడింది. మా ఆయన ఇలాంటప్పుడు చెప్పేవాడు: కదిలేది మన బండో పక్క బండో తెలియాలంటే కిటికీలోంచి ఎదురు బండిని చూడకు, కింద కంకర రాళ్ళని చూడు. నేను రాళ్ళని చూశాను. కదల్లేదు. ఆవిడ మళ్ళీ కూర్చుంది. ఏమూలో మిగిలిన కొంచెం అనుమానం కూడా నాకు అక్కడే తీరిపోయింది.

ఆ టీ కొట్టు చుట్టూ అద్దాలే. లోపల చలి. మనవరాలి స్నేహితులు లేచి నాకు కుర్చీ ఇచ్చి, "ఠాకుమా, ఠాకుమా" అంటూ చుట్టూ చేరారు. బెంగాలీ వాళ్ళు నానమ్మని అలాగే పిలుస్తారు. అక్కడి మాటలన్నీ బెంగాలీలోనే సాగాయి. నా బెంగాలీ కూరల బజారులో నేర్చుకున్నది, బేరానికి పనికొచ్చేది. దేనికైనా అదే వాడతాను.

వాళ్ళలో గడ్డం అబ్బాయి ఒకడు మొదటే తేల్చేశాడు. "ఈ పుస్తకం ఇప్పుడు చదవదగ్గది కాదు ఠాకుమా. సైన్సంతా తప్పు. ఆకాశంలో ఒకసారి వేగం అందుకున్నాక ఇంజను అక్కర్లేదు, ఓడ దానంతటదే పోతుంది. ఈ రచయిత ప్రతి వారం ఇంజనులో ఇంధనం పోయించానని కెప్టెను చేత చెప్పిస్తాడు, రైలింజనుకి బొగ్గు వేసినట్టు!"

"మంచిది నాయనా, ఆ తప్పు నాకు పనికొస్తుంది" అన్నాను.

మనవరాలు నా పక్కన గోళ్ళు కొరుక్కుంటోంది. నేను ఓడిపోవాలని తనకి ఉందో లేదో నాకు అంతుపట్టలేదు.

"సామాన్ల కొట్టులో ఒక ముసలమ్మ ఉంది. గుర్తుందా?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరికీ గుర్తు లేదు. చదువుకున్న పిల్లలు ఆరుగురు, ఒక్కరికీ ముసలమ్మ కనబడలేదు.

"ఆవిడకి పేరు పెట్టలేదు, అందుకే మీ కంటికి ఆనలేదు. కుర్రాడు ఓడ అడుగున ఉన్న ఆ కొట్టులోకి వచ్చినప్పుడు బూట్లు విప్పి రమ్మని తిడుతుంది. అప్పుడేమందో చదవండి."

ఒకమ్మాయి పేజీలు తిప్పి వెతికి, చదివింది. ఇంజను పీపాల మూతల మీద దుమ్ము తుడవలేక చస్తున్నాను, నా తల్లి కూడా ఇవే పీపాలు తుడిచింది అని ఉంది.

"వారం వారం ఇంజనులో పోస్తున్నామని చెప్పే పీపా మూత మీద దుమ్మెలా పడుతుంది?" అన్నాను. "రోజూ తీసే డబ్బా మీద దుమ్ముండదు. మీ ఇళ్ళల్లో అమ్మల్ని అడగండి. ఆ మూతలు ఆవిడ తెరవలేదు, ఆవిడ తల్లి తెరవలేదు. అంటే రెండు తరాలుగా ఇంజను తినడం లేదు. తినని ఇంజను నడవదు. ఆ మేడంత మిషను ఏమో రోజూ 'ప్రయాణం సాగుతోంది' అని కాగితం కక్కుతోంది. అది ఎదురు బండి కదలడంలాంటిది. ముసలమ్మ చెప్పిన దుమ్ము కంకర రాళ్ళలాంటిది."

ఎవరూ కప్పు ముట్టుకోవడం లేదు.

"ఓడ ఆగిపోయింది. చెడిపోయి ఆగిందా? చెడిపోతే బాగుచెయ్యడానికి జనం పరిగెత్తేవారు, ఆ మాట పుస్తకంలో ఎక్కడా లేదు. కాబట్టి చేరి ఆగింది. చేరి రెండు తరాలైంది. మా సంత్రాగాఛి దాటాక హౌరా సిగ్నల్ దగ్గర నిలబడ్డ బండిలాగ అక్కడే ఉంది. దిగమని చెప్పినవాడు లేడు. ఆ సంగతి కెప్టెన్లకి తెలుసు. ఆ పుస్తకంలో ఉన్నది అదే."

నేను ఆగాను. మనవరాలికేసి చూశాను. తను ఇంగ్లీషు పుస్తకం ఆఖరి పేజీలు తీసింది. గొంతు సవరించుకుని, ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పింది, నా కోసం.

"తాళం విరిగింది. కుర్రాడు పుస్తకం తెరిచినాడు. ఆఖరి యాభై పేజీల్లోనూ ఒకటే లైను ఉంది నానమ్మా. వేరే వేరే చేతిరాతలు. 'చేరాం. ఇంకా చెప్పలేదు.'"

గడ్డం అబ్బాయి లేచి నిలబడి బల్ల మీద చరిచాడు. "దారుణ్! దారుణ్!"

బెంగాలీలో దారుణ్ అంటే అద్భుతం అని. కాపురానికి వచ్చిన కొత్తలో పక్కింటావిడ నా పులుసు రుచి చూసి ఆ మాటే అంటే, లోపలికి వెళ్ళి ఏడ్చాను. ఇప్పుడు ఆరుగురు అద్దాల కొట్లో చప్పట్లు కొడుతూ దారుణ్ దారుణ్ అంటుంటే నిటారుగా కూర్చుని విన్నాను. పక్క బల్లల వాళ్ళు కూడా తిరిగి చూశారు. చూడనీ.

తరవాత వాళ్ళలో వాదన మొదలైంది. కెప్టెన్లు ఎందుకు దాచారు? కింద దిగితే వాళ్ళు కెప్టెన్లు కారు కాబట్టి అన్నాడు గడ్డం అబ్బాయి. అదీ నిజమే. కానీ నాకు ఇంకోటి తోచింది, చెప్పాను. "నేను ఈ ఊరు వచ్చినప్పుడు ఐదేళ్ళే అన్నారు. ప్రతి సంవత్సరం వచ్చే ఏడు వెళ్ళిపోదాం అనుకున్నాం. అలా అనుకుంటూనే ఇక్కడ పిల్లాణ్ణి కన్నాం, వాడికి పెళ్ళి చేశాం. మేం ఎప్పుడో చేరిపోయాం. మాకే ఎవరూ చెప్పలేదు. ఆ కుర్రాడి తల్లి ఎక్కడికి వెళ్ళినట్టని అడిగింది చూశారా, ఆవిడ పుట్టేటప్పటికే ఓడ చేరిపోయి ఉంది. తలుపు తీస్తే చాలు."

పుస్తకం చదవదగ్గది కాదన్న గడ్డం అబ్బాయి దాన్ని తిరగేసి మొదటి పేజీ తీశాడు. మళ్ళీ మొదట్నుంచి చదువుతానన్నాడు. వచ్చే నెల పుస్తకానికి కూడా రమ్మని నన్ను అడిగారు. తెలుగులో దొరికితే వస్తానన్నాను. టీ మాత్రం పల్చగా ఉంది. డబ్బు పోసి కొన్నది కాబట్టి చుక్క మిగల్చకుండా తాగాను.

బస్సులో మనవరాలు చాలాసేపు కిటికీలోంచి చూసింది. "నానమ్మా, ఆ ముసలమ్మని నేను రెండుసార్లు చదివినా చూడలేదు" అంది.

"రేపట్నుంచి సూస్తావులే. ముందు 'అ' దిద్దు."

పాత క్యాలెండరు కాగితాల వెనక వైపు దిద్దించాను. కొత్త నోటుబుక్కు కొంటానంటే వద్దన్నాను. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ అరగంట. అలసిపోయానంటే ఒప్పుకోలేదు, ఫోను చేతిలో ఉంటే అది కూడా తీసి పక్కన పెట్టించాను. ఒత్తుల దగ్గర మొండికేసింది. 'క్ష' దగ్గర ఏడుపు మొహం పెట్టింది. పందెం ఓడిన మనిషికి ఏడవడానికి వీల్లేదన్నాను. మా కోడలు మిషన్ పోయిన కోపంతో రెండు రోజులు ముభావంగా ఉంది గాని, మూడో రోజు నుంచి కూరగాయలు తరుగుతూ పక్కనే కూర్చోవడం, అక్షరాల కేసి చూడడం మొదలుపెట్టింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

సంఘం ఆఫీసరు గారికి జరిగింది చెప్పాను. బీరువాలో మిగిలినవి ఎవరికీ ఇవ్వకండి, అరల్లో పరచడానికి అడిగేవాళ్ళకి అసలే ఇవ్వకండి అన్నాను. ఆయన నవ్వి, తాళం చెవికి ఇంకో నకలు చేయించి నా చేతిలో పెట్టాడు.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక ఆదివారం, వరండాలో, చిరిగిన అట్ట పుస్తకం తెచ్చి మనవరాలి ఒళ్ళో పెట్టాను. వేలు అక్షరం మీద పెట్టింది, అచ్చం నేను పెట్టినట్టే. వంటింట్లో కోడలు కుళాయి కట్టేసింది, వినడానికి.

"కె... ప్టె... ను. కెప్టెను. ఏ... టి... పు... స్త... కం... తె... రి... చాడు."

మొత్తం ఒకసారి కలిపి చదువుకుంది. మొహం చిట్లించింది. మళ్ళీ చదివింది.

"అదేటి నానమ్మా? కెప్టెను ఏటి పుస్తకం తెరిచాడని రాసినోడు నన్నడుగుతాడేటి? లాగ్ బుక్కే కదా! నాకు తెలుసు, చెప్పీనా?"

మూడు భాషలు చదువుకున్న పిల్ల. సాల్ట్ లేక్‌లో అద్దాల మేడలో కూర్చునే పిల్ల. తెలుగు అక్షరం నోట్లో పడగానే శ్రీకాకుళం బయటికి వచ్చింది.

నేను దిద్దలేదు. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, గోడకి ఆనుకుని కూర్చున్నాను.

"సెప్పు" అన్నాను. "సెప్పి, తరవాత లైను సదువు."

అరవై మూడు పేజీల దాకా నాకు తొందరేమీ లేదు.